ఫ్రిజ్ తలుపూ, కోటీ నలభై లక్షల భవిష్యత్తులూ

మా బామ్మర్ది సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఈ ఒక్క ముక్క చెప్తే సగం కథ చెప్పేసినట్టే అనుకోండి. పగలంతా ఎవడో రాసిన కోడ్‌లో తప్పులు పట్టడం వాడి ఉద్యోగం, రాత్రిపూట ఎవడో తీసిన సినిమాలో తప్పులు పట్టడం వాడి రెస్టు. మనిషి బంగారం, ఏ పని చెప్పినా కాదనడు, కానీ వాడి పక్కన కూర్చుని సినిమా చూడ్డమంటే మనం పరీక్ష రాస్తుంటే ఇన్విజిలేటర్ వచ్చి మన బెంచీ దగ్గరే ఆగిపోయినట్టుంటుంది.

నేనేమో పూర్తిగా రెండో రకం. లైట్లు ఆపేసినప్పుడే బుర్ర కూడా ఆపేస్తా. మనిషి గాల్లో ఎగిరితే ఎగరనీ, కోపమొచ్చి ఆకుపచ్చగా మారితే మారనీ, మారినప్పుడు చొక్కా పీలికలైపోయి ప్యాంటు మాత్రం ఎందుకు నిలబడుతుంది అని నేనెప్పుడూ అడగలేదు, అడక్కపోవడమే అందరికీ మంచిదని నా ఉద్దేశం.

మొన్న శనివారం వీడు మా ఇంటికొచ్చాడు. అత్తయ్యగారు అప్పటికే వారం నుంచి మా దగ్గరే ఉన్నారు. ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి, ఇప్పుడు అనవసరం అనిపిస్తాయి గానీ గుర్తు పెట్టుకోండి. ఒకటి, ఆవిడ వచ్చిన రెండోరోజే వంటింటి అలమార మొత్తం తనకి నచ్చినట్టు సర్దేశారు, మా ఆవిడ "అమ్మా నువ్విక ఇక్కడ ఏదీ ముట్టుకోకే" అంది, ఆవిడకి రోషమొచ్చి "ఇక ఈ వంటింట్లో వస్తువు మీద చెయ్యేస్తే ఒట్టు" అన్నారు. రెండోది, మా ఫ్రిజ్ పాతది. ఫ్రీజర్‌లో మంచు ఎంత పేరుకుందంటే ఒకసారి ఆపి కరిగించండి మహాప్రభో అని మా ఆవిడ నెలరోజులుగా చెప్తోంది, నేను రేపు రేపు అంటున్నా.

సరే, రాత్రి తొమ్మిదింటికి మా పాప సూపర్‌హీరోలంతా కలిసి చేసే అవెంజర్స్ ఎండ్‌గేమ్ పెట్టమంది. 2019 సినిమా, నిడివి 181 నిమిషాలు. మధ్యలో ఒకట్రెండు సార్లు లేచినా పన్నెండున్నరకి పడుకోవచ్చని లెక్కేశా. లెక్క కరెక్టే, రిమోట్ వాడి చేతికివ్వడమే తప్పు.

మొదటి పాజ్ ఎలుక దగ్గర పడింది.

చూడనివాళ్ల కోసం చెప్తా. దీనికి ముందు భాగం ఇన్ఫినిటీ వార్‌లో, అంటే 2018లో, థానోస్ అనే మహానుభావుడు ఒక్క చిటికేసి విశ్వంలో సగం ప్రాణుల్ని బూడిద చేసేస్తాడు. సరిగ్గా ఆ టైంకి యాంట్‌మ్యాన్ అనే హీరో అణువుకన్నా చిన్నవాడైపోయి ఇంకేదో లోకంలో ఇరుక్కుని ఉంటాడు. ఐదేళ్ల తర్వాత, గోడౌన్‌లో పడున్న ఒక వ్యాన్‌లో ఎలుక అటూ ఇటూ తిరుగుతూ అక్కడున్న మిషను మీద కాలేస్తుంది, అది ఆన్ అయి వీడు బయటపడతాడు, వీడొచ్చి చెప్పాకే కాలంలో వెనక్కెళ్లొచ్చు అన్న ఆలోచన మిగతావాళ్లకి వస్తుంది.

"బావా, ఆగు. అంటే విశ్వం మొత్తం ఎలుక వల్ల బతికిందా?"

"అవున్రా, అందులో తప్పేముంది?"

"తప్పేముందా? ఆ మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ ముందు సినిమాలో ఎన్ని భవిష్యత్తులు చూశాడు? 1,40,00,605. గెలిచింది ఎన్నింట్లో? ఒక్కదాంట్లో. మిగతా 1,40,00,604 లో ఏం జరిగిందో నేను చెప్తా, ఎలుక ఆ బటన్ పక్కనుంచి వెళ్లిపోయింది. అంతే. థానోస్ లేడు, ధైర్యం లేదు, త్యాగం లేదు, ఎలుక ఎడమకెళ్లిందా కుడికెళ్లిందా అన్నదే సినిమా."

వాడి వాదన ఏంటంటే, కథలో కష్టం ఎంత యాదృచ్ఛికంగా వచ్చినా పర్లేదు గానీ కష్టం తీరడం మాత్రం యాదృచ్ఛికంగా ఉండకూడదు, అది రచయిత చేతులెత్తేయడం. నిజం చెప్పాలంటే ఇది మంచి పాయింటే. కానీ బామ్మర్ది ముందు మొదటి ఇరవై నిమిషాల్లోనే ఒప్పేసుకుంటే ఇంక మర్యాదేముంటుంది? "ఒరేయ్, కాకి వచ్చి వాలింది, అప్పుడే తాటిపండు పడింది, దానికి మనవాళ్లు కాకతాళీయం అని ఒక మాటే పెట్టుకున్నారు. కాకికి లేని అభ్యంతరం ఎలుకకెందుకురా" అన్నా. పాప కిసుక్కున నవ్వింది. వాడు నవ్వలేదు. కాకి వల్ల విశ్వం బతకలేదు బావా అన్నాడు.

అలా ఎలుక మీదే ఇరవై నిమిషాలు. తెర మీద ఎలుక కూడా కాలెత్తి పెట్టి అలా ఆగిపోయి మమ్మల్నే చూస్తున్నట్టుంది.

తర్వాత థానోస్ మీద పడ్డాడు. జనం ఎక్కువైపోయారు, వనరులు చాలట్లేదు, అందుకని సగం మందిని తీసేస్తా అంటాడు కదా, అంత శక్తి చేతిలో ఉన్నవాడు వనరులనే రెట్టింపు చెయ్యొచ్చుగా అని. ఇది అందరూ అడిగేదే, నేను తేలిగ్గా తీసుకున్నా. కానీ వీడు ఫోన్ తీసి లెక్క చూపించాడు. భూమ్మీద జనాభా 1974 ప్రాంతంలో 400 కోట్లు, 2022 నవంబర్‌కి 800 కోట్లు. అంటే సగం చేసినా మళ్లీ మామూలు అవ్వడానికి యాభై ఏళ్లు కూడా పట్టదు. "ఆ చిటికెకి శక్తినిచ్చే ఆరు రాళ్ల కోసం గెలాక్సీలన్నీ తిరిగాడు, కన్నకూతురిలా పెంచిన పిల్లని కొండమీంచి తోసేశాడు, ఇంతా చేసి యాభై ఏళ్ల గ్యారంటీ కూడా లేని రిపేరు చేశాడు" అన్నాడు.

దీనికి నా దగ్గర ఆన్సర్ ఉంది, ఎప్పటినుంచో దాచుకున్నా. 1991లో వచ్చిన కామిక్‌లో, జిమ్ స్టార్లిన్ రాసింది, అందులో థానోస్‌కి ఈ వనరుల గొడవే లేదు. మృత్యువు అక్కడ ఒక స్త్రీ రూపంలో ఉంటుంది, వీడు ఆవిణ్ణి ప్రేమిస్తాడు, ఆవిడ మెప్పు కోసం సగం విశ్వాన్ని చంపుతాడు. ఆవిడ అయినా పట్టించుకోదు. ఇది వినగానే మా ఆవిడ చదువుతున్న ఫోన్ పక్కనపెట్టి "అయ్యో పాపం" అంది. చూడండి, అదీ సంగతి. జనాభా లెక్కలు చెప్పినవాణ్ణి ఇంతసేపు నిలబెట్టి ప్రశ్నలడిగాం, ప్రేమ కోసం చేశాడనగానే ఇంట్లో ఒక్కరు కూడా యాభై ఏళ్ల తర్వాత ఏమవుతుంది అని అడగలేదు. సినిమావాళ్లు దాన్ని తీసేసి లాజిక్ పెట్టారు, లాజిక్ పెట్టారు కాబట్టే లాజిక్‌తో దొరికిపోయారు. ఈ ముక్క చెప్పాక నాకు నేనే ఎంత ముద్దొచ్చానో.

వాడు ఊరుకుంటాడా, యాంట్‌మ్యాన్ కొలతలకి దిగాడు. చిన్నగా మారినా బరువు అలాగే ఉంటుందట, అణువుల మధ్య దూరం తగ్గుతుందంతే, అందుకే చీమంత మనిషి గుద్దినా పెద్ద దెబ్బ తగులుతుంది అని 2015 సినిమాలో వాళ్లే చెప్పారు. మరి అదే మనిషి చీమ మీదెక్కి ఎలా తిరుగుతాడు? అదే సినిమాలో ఆ ముసలి సైంటిస్టు నిజమైన యుద్ధ ట్యాంకుని చిన్నది చేసి కీచైన్‌లో వేసుకుని తిరుగుతాడు, అది అన్ని టన్నులూ అలాగే ఉంటే ఆయన ప్యాంటు జేబు సంగతేంటి? దీనికి నేనేం మాట్లాడలేకపోయా. ఎగిరే మనిషిని నమ్మమంటే నమ్ముతా, అది సినిమాకీ నాకూ ముందే కుదిరిన ఒప్పందం. కానీ వాళ్లు రూలు చెప్పి వాళ్లే తప్పితే నేనేం చెయ్యను. ఈ ఒక్కటీ నీకే ఇచ్చేశా పోరా అన్నా.

ఈలోపు పన్నెండు కొట్టింది. పాప సోఫాలోనే నిద్రపోయింది, మా ఆవిడ "తెల్లారేలోపు పూర్తి చెయ్యండి" అని లేచి వెళ్లిపోయింది. అత్తయ్యగారు మాత్రం కుర్చీలో కళ్లు మూసుకునే ఉన్నారు, పడుకున్నారనుకున్నాం.

క్లైమాక్స్‌కి కాస్త ముందు మళ్లీ పాజ్. ఈసారి కెప్టెన్ మార్వెల్, బోలెడు బలమున్న హీరోయిన్. ఒక్కతే వెళ్లి అంత పెద్ద అంతరిక్ష నౌకని చీల్చిపడేస్తుంది కదా, మరి ఇంతసేపూ ఎక్కడుంది? ముందే వచ్చుంటే ఇంతమంది ఇన్ని తిప్పలు పడేవాళ్లా? వేరే గ్రహాల్లో పనుందని వెళ్లింది అంటే అది కుదరదు, లీవ్ లెటర్‌లా ఉంది అంటాడు.

ఇక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది, ఎందుకంటే ఈ విషయంలో రాసేవాళ్ల మీద నాకు చాలా జాలి. ఒక్క హీరో సినిమా అయితే వాడికి తగ్గ విలన్ని పెట్టుకుంటే అయిపోతుంది. ఇరవై మందిని ఒకే కథలో పెడితే ఒకడేమో పిడుగుల దేవుడు థోర్, ఇంకొకడి దగ్గరేమో విల్లూ బాణాలూ. ఆ బాణాలూ అయిపోతాయి, 2012 సినిమాలో అయిపోయాయి కూడా. గ్రూప్ ఫోటోలో అందరి మొహాలూ కనపడాలంటే పొడుగోణ్ణి వెనక్కి పంపాల్సిందే, వాడికి కోపమొచ్చినా సరే. అందుకే ఇన్ఫినిటీ వార్‌లో మొదట్లోనే ఆ ఆకుపచ్చ హల్క్ తన్నులు తిని ఇంక నేను రాను అని మొండికేస్తాడు, థోర్ గొడ్డలి చేయించుకోడానికి వెళ్తాడు, విజన్ అనే ఇంకో బలవంతుడికి ఆదిలోనే కత్తిపోటు. అటువైపు పోటీ కంపెనీలో, 2017లో వచ్చిన జస్టిస్ లీగ్ వాళ్లు ఇంకా ముదుర్లు, సూపర్‌మ్యాన్‌ని సగం సినిమా దాకా శవంగానే ఉంచారు. బలమైనవాళ్లని బయట పెట్టకపోతే కథ పది నిమిషాల్లో అయిపోద్ది రా అని గట్టిగానే అరిచా.

"కృష్ణుడు మొదటిరోజే చక్రం వేసేస్తే పద్దెనిమిది రోజుల యుద్ధం ఎందుకవుతుంది?"

ఇద్దరం ఉలిక్కిపడి వెనక్కి తిరిగాం. అత్తయ్యగారు కళ్లు తెరవలేదు, మాట మాత్రం వస్తోంది.

"అదే కదండీ అత్తయ్యా నేను చెప్పేది!" అన్నా సంబరంగా.

"నువ్వు చెప్పేది అది కాదు బాబూ. ఆయన ఊరికే పని మీద ఎటో వెళ్లాడని రాయలేదు వ్యాసుడు. పక్కనే ఉన్నాడు, రథం తోలుతున్నాడు. ఆయుధం పట్టనని మాటిచ్చాడు, అందుకని పట్టలేదు. అది చాలు." ఒక్క నిమిషం ఆగి, భీష్ముడి మీదకి ఆయన రథం మీంచి దూకే పోతన పద్యం మొత్తం రాగంతో పాడేశారు, నిద్రలో ఉన్న పాప కూడా కదిలింది. "మాటిచ్చినవాడు మాట తప్పబోయాడు చూడు, అక్కడ ఒళ్లు జలదరించేది ఎందుకు? ముందు ఆ మాట ఉంది కాబట్టి."

మా ఇద్దరికీ నోట మాట లేదు. ఆలోచిస్తే ఆ కథ అంతా అంతే. కర్ణుణ్ణి తీసుకోండి, మనిషిని అంత బలంగా పుట్టించేసి తర్వాత ఒక్కొక్కటీ ఊడబెరుక్కుంటూ వచ్చారు. కవచ కుండలాలు ఇంద్రుడు అడిగి తీసుకుపోయాడు, గురువు శాపం ఒకటి, రథచక్రం కుంగిపోయే శాపం ఇంకొకటి, చివరికి ఒక్కసారే వాడగలిగే శక్తిని కూడా ఘటోత్కచుడి మీద ఖర్చు పెట్టించేశారు. మన బామ్మర్ది లాంటి టెస్టర్ వస్తాడని ముందే తెలిసినట్టు ప్రతి కన్నానికీ ఒక శాపం అడ్డం పెట్టారు. అన్నిటికీ ముందే రసీదు ఉంది.

"అమ్మా, ఇందులో బగ్ లేదే" అన్నాడు వాడు, కాస్త నిరాశగా.

సినిమా అయ్యేసరికి రెండు. అయిందా అంటే కాలేదు, ఆఖరి సీనుంది కదా. ఆ హీరోల్లో ఒకడైన కెప్టెన్ అమెరికా గతంలోకి వెళ్లి అక్కడే పెళ్లి చేసుకుని జీవితం గడిపేసి ముసలాడై బెంచీ మీద కూర్చుని కనపడతాడు. గతం మారిస్తే మన వర్తమానం మారదు, వేరే కొమ్మ పుడుతుంది అని సినిమాలో చెప్పారు, మరి వేరే కొమ్మలో బతికినవాడు ఈ కొమ్మ మీద బెంచీకి ఎలా వచ్చాడు? తమాషా ఏంటంటే తీసినవాళ్లకే దీని మీద ఏకాభిప్రాయం లేదు. దర్శకులు రూసో బ్రదర్స్ ఆయన వేరే కాలంలో బతికొచ్చాడన్నారు, రాసిన మార్కస్, మెక్‌ఫీలీలేమో కాదు మొదట్నుంచీ ఇదే కాలంలో చాటుగా ఉన్నాడన్నారు. కన్నవాళ్లే బిడ్డ ఎక్కడ పెరిగాడో తేల్చుకోలేకపోతే మనమెవరం.

గొంతెండిపోయింది ఇద్దరికీ. ఫ్రిజ్ దగ్గరికెళ్లి తలుపు తీశా, వాడు వచ్చి తలుపు మీద చెయ్యేసి నించున్నాడు, చల్లగా ఉంది, చర్చ అక్కడే కంటిన్యూ అయింది. ఇప్పుడు చెప్పబోయేది నాకే సిగ్గుగా ఉంది. నేను వాడికి అక్కడ నించుని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ గురించి చెప్పా. ఆయన ఇలాంటి సీన్లని ఐస్‌బాక్స్ సీన్లు అనేవాడు. అంటే సినిమా చూస్తున్నంతసేపూ తేడా తెలీదు, ఇంటికొచ్చి తినడానికేదన్నా ఉందా అని ఫ్రిజ్ తెరిచినప్పుడు తడుతుంది, అరే అదెలా కుదురుతుంది అని. "చూశావా, అది తప్పు కాదు, ప్రేక్షకుణ్ణి ఫ్రిజ్ దాకా మోసుకొచ్చాడంటే వాడు గెలిచినట్టే" అని తలుపుని ఊపుతూ మరీ చెప్పా. వాడు అలా అయితే ఫ్రిజ్ దగ్గర కూడా పట్టుకోలేనివాడే గొప్పోడు అన్నాడు. నేనింకేదో అన్నా. వాడింకేదో అన్నాడు. మూడయింది. పడుకున్నాం.

పొద్దున ఏడింటికి మా ఆవిడ కేకతో లేచా. వంటింట్లోంచి హాల్ దాకా నీళ్లు. నెలల తరబడి పేరుకున్న మంచు మొత్తం కరిగి, ఫ్రిజ్ కిందనుంచి సోఫా దాకా కాలవ కట్టింది. కెప్టెన్ అమెరికా 1945లో మంచులో గడ్డకట్టి 2011 దాకా చెక్కుచెదరకుండా ఉన్నాడు, మా ఫ్రీజర్ నాలుగు గంటలు ఆగలేకపోయింది. (తలుపు తెరిచుంటే కుయ్ కుయ్ అని అరుస్తుందిగా అని అడిగేవాళ్లకి, మాది పాతదని ముందే చెప్పా.)

"ఎవరు తెరిచారు?" అంది మా ఆవిడ. తెరిచింది నేనే, కానీ వాడి చెయ్యి తలుపు మీద ఉంది కదా, ఆఖర్న ఎవరి చెయ్యి ఉంటే వాళ్లే మూయాలి, ఇది న్యాయం. ఇది చెప్పా. బామ్మర్ది లేదక్కా, నేను ముందెళ్లిపోయా, బావ ఇంకా అక్కడే మాట్లాడుతున్నాడు అన్నాడు. ఒరేయ్ నువ్వు వెళ్లిపోతే నేనెవరితో మాట్లాడతా అన్నా. అది నిన్నే అడగాలి బావా అన్నాడు. రాత్రంతా టైంలైన్ టైంలైన్ అని చంపినవాడు పొద్దున్నే "అంత ఖచ్చితంగా ఎలా చెప్తాం, అప్పుడు మూడ్ ఎలా ఉందో చూడాలి" అంటాడా, నేనేమో "నువ్వు రెండూ నలభైకి ఎక్కడున్నావ్, యాభైకి ఎక్కడున్నావ్" అని పోలీసులా అడుగుతున్నా. ఎప్పుడు మారామో తెలీదు, పార్టీలు మారిపోయాం.

అప్పుడే పాప కళ్లు నులుముకుంటూ వచ్చి, నీళ్లలో కాలు పెట్టి, ఒకసారి ఫ్రిజ్ వైపు చూసి "ఎలుక తీసిందేమో" అంది.

ఎవరూ మాట్లాడలేదు. నేను బామ్మర్ది వైపు చూశా. వాడి మొహంలో ఒక పోరాటం జరుగుతోంది, ఇరవై నిమిషాలు పాజ్‌లో పెట్టి ఎలుకని తిట్టిన మనిషి.

"అసాధ్యమేం కాదక్కా" అన్నాడు మెల్లిగా. "తలుపు కింద రబ్బరు లూజుగా ఉంది..."

మా ఆవిడ ఏం అనలేదు. రెండు పాత తువ్వాళ్లు తెచ్చి చెరొకటీ చేతిలో పెట్టింది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు పిండుతున్నాం, ఎలాగూ మంచు కరిగించాలన్నావుగా అని అందామనుకున్నా గానీ ఆ ఒక్క భవిష్యత్తులో కూడా నేను గెలిచేలా కనపడలేదు.

అత్తయ్యగారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కాళ్లు పైకి పెట్టుకుని చూస్తున్నారు.

"నాలుగింటికి బాత్రూంకి లేచినప్పుడు చూశా, తలుపు బార్లా తెరిచుంది, లోపల లైటు వెలుగుతోంది" అన్నారు.

నేను తువ్వాలు వదిలేశా. "చూశారా? మరి మూసెయ్యాల్సింది కదండీ అత్తయ్యా!"

"ఎలా మూస్తాను బాబూ? వంటింట్లో వస్తువు మీద చెయ్యెయ్యనని మొన్న ఒట్టు పెట్టుకున్నాగా."

బామ్మర్ది పిండుతున్నవాడు ఆగాడు. ఆవిణ్ణి చూశాడు, వాళ్లక్కని చూశాడు, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"కరెక్టే బావా" అన్నాడు. "ముందే చెప్పింది."